బేరింగ్ దాకా నూనె చేరాలంటే

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో యంత్రాలను కనిపెట్టుకుని ఉండేవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఖరీఫ్ ధాన్యం మిల్లుకు చేరడం మొదలైన దగ్గరనుంచి ధాన్యాన్ని పైకి తోడే ఎలివేటర్లు, పొట్టు వలిచే షెల్లర్లు, పాలిషర్లు, జల్లెడలు తెరిపి లేకుండా తిరుగుతాయి. ఆ రోజుల్లో, తిరిగే షాఫ్ట్‌ను మోసే బేరింగ్ ఒకటి పట్టేస్తే ఆ యంత్రం ఒక్కటే కాదు, దానికి ధాన్యం అందించేదీ, దాని నుంచి అందుకునేదీ కూడా ఆగిపోతాయి. పట్టేసిన బేరింగ్‌ను విప్పి చూసినప్పుడు చాలాసార్లు పైనున్న కప్పులో నూనె నిండుగానే ఉంటుంది, లోపల షాఫ్ట్ మాత్రం ఎండిపోయి నీలం తిరిగి ఉంటుంది. అందువల్ల కందెన అందించే ఏ పరికరాన్నైనా కప్పు దగ్గర కాకుండా బేరింగ్ దగ్గర నిలబడి పరీక్షించాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం. పరికరాన్ని ఎంచుకోవడం, అమర్చడం, సరిచూడడం అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా, నూనెను ఏ వైపు నుంచి ఇవ్వాలన్నది తేల్చుకోవాలి. 1883లో ఇంగ్లండులో బీచం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగాలు చేస్తూ, బేరింగ్ నెత్తిన, అంటే సరిగ్గా బరువు పడే చోట, నూనె పోయడానికి ఒక రంధ్రం చేశాడు. ఇరుసు అడుగుభాగం నూనె తొట్టిలో మునిగి తిరుగుతుండగా, పైనుంచి నూనె లోపలికి పోవడానికి బదులు లోపలి నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికి వచ్చింది. చెక్క బిరడా కొట్టి మూస్తే, దాన్నీ బయటికి నెట్టేసింది. గేజీ బిగించి చూస్తే, బేరింగ్‌పై సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 100 పౌండ్లే ఉండగా, గేజీ ముల్లు 200 దాటిపోయింది. తిరిగే షాఫ్ట్ తన వెంట నూనెను ఈడ్చుకుపోయి, సన్నబడే సందులోకి కుక్కి, ఆ ఒత్తిడి మీద తానే తేలుతుందని దీనివల్ల తెలిసింది; 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణిత సూత్రం కట్టాడు.

మిల్లులో దీని అర్థం సూటిగానే ఉంటుంది. బరువు పడే వైపున నూనె రంధ్రం పెట్టకూడదు. బరువు పడని వైపున, షాఫ్ట్ తిరిగే దిశలో ఒత్తిడి మొదలయ్యే ముందు చోట పెట్టాలి. బెల్టులతో పలు యంత్రాలను తిప్పే లైన్ షాఫ్ట్ బుష్‌లకు (షాఫ్ట్ లోపల తిరిగే గొట్టం వంటి బేరింగులకు) నెత్తిన రంధ్రం ఉండడం రివాజు, షాఫ్ట్ తన బరువుతో కిందికి ఆనుతుంది కనుక అది సరిపోతుంది. అయితే మోటారును పై అంతస్తులో పెట్టి బెల్టు పైకి లాగేటట్లు అమర్చినప్పుడు బరువంతా పై బుష్ మీద పడుతుంది, నెత్తిన ఉన్న రంధ్రం నూనెను లోపలికి తీసుకోకుండా బయటికి కక్కుతుంది. బెల్టు ఎటు లాగుతోందో చూడకుండా పాత రంధ్రంలోనే కొత్త కప్పు బిగించేవారు ఈ సంగతిని తప్పక గమనించాలి. అలాంటి చోట రంధ్రాన్ని పక్కకు మార్చి, బుష్ లోపల షాఫ్ట్ పొడవు వెంట ఒక గాడి తీసి, ఆ గాడిని బుష్ అంచుల దాకా పోనివ్వకుండా కొంచెం ముందే ఆపాలి. అంచుదాకా పోతే నూనె పనిచేయకుండానే పక్కలనుంచి కారిపోతుంది.

చేతి నూనె డబ్బా గురించి చెప్పవలసింది తక్కువే. గంటకోసారి దండిగా పోస్తే మొదటి పది నిమిషాలు నూనె వృథాగా కారుతుంది, చివరి ఇరవై నిమిషాలు బేరింగ్ ఎండుతుంది. కొద్దికొద్దిగా, ఎడతెగకుండా ఇవ్వడానికే మిగతా పరికరాలన్నీ పుట్టాయి.

వాటిలో అతి సులువైనది వత్తి కప్పు. ఉన్ని నూలు పోగులను పేని, ఒక కొస కప్పులోని నూనెలో ముంచి, రెండో కొసను కప్పు మధ్యలో నిలబెట్టిన గొట్టంలోంచి బేరింగ్ వైపు దించుతారు. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్లే ఇదీ లాగుతుంది, ఆపైన గొట్టంలోని కొస కప్పులోని నూనె మట్టానికి కిందుగా వేలాడుతున్నందువల్ల నూనె దానంతటదే దిగుతుంది. పోగులు పెంచితే నూనె పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. వత్తి దుమ్మును వడకట్టి ఆపుతుంది, మిల్లు వాతావరణంలో ఇది చిన్న మేలు కాదు. అయితే యంత్రం ఆగినా వత్తి ఆగదు, కాబట్టి పని ముగియగానే వత్తిని గొట్టంలోంచి పైకి తీసిపెట్టాలి. కప్పులో మట్టం పడిపోయేకొద్దీ ధార కూడా సన్నబడుతుంది, అందుకని ఎండిపోయేదాకా ఆగకుండా మట్టాన్ని ఎప్పుడూ ఒక గీత దగ్గర నిలపాలి. వర్షాకాలంలో నూనెలో తేమ చేరితే వత్తి నూనెకన్నా ముందు నీటిని పీల్చుకుని బిగుసుకుంటుంది. అలాంటి వత్తిని ఆరబెట్టి మళ్లీ వాడటం కంటే పారేయడమే మేలు.

చుక్కల కప్పులో నూనె మట్టానికి అడుగున సూది వాల్వు, దాని కింద చుక్క పడటం కనిపించే గాజు గొట్టం ఉంటాయి. నెత్తిన ఉన్న చిన్న మీటను నిలబెడితే వాల్వు తెరుచుకుంటుంది, పడుకోబెడితే మూసుకుంటుంది. ఎన్ని చుక్కలు పడాలో మీట కింది మరను తిప్పి నిర్ణయించుకుంటారు. యంత్రం తయారు చేసినవారు నిమిషానికి ఇన్ని చుక్కలని చెప్పి ఉంటే దాన్నే పాటించాలి. చెప్పకపోతే కొంచెం ఎక్కువగా మొదలుపెట్టి, బేరింగ్ వేడిని గమనిస్తూ, వేడి పెరగనంతవరకూ ఒక్కొక్క చుక్క చొప్పున తగ్గించుకుంటూ రావాలి. రోజుకు ఎంత నూనె పడుతుందో తెలుసుకోవడానికి మందుల దుకాణంలో దొరికే సూదిలేని సిరంజిని గాజు గొట్టం కింద పట్టి, 5 మిల్లీలీటర్లు నిండడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెడితే చాలు. చుక్క పరిమాణం నూనెను బట్టి మారుతుంది గనుక పుస్తకంలోని అంకె కన్నా ఈ కొలతే నమ్మదగినది.

కొరాపుట్ పీఠభూమి మీద, జయపురం వైపు, ఈ కప్పులతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పుష్య మాసపు తెల్లవారుజామున అక్కడ వేడి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలే. 68 గ్రేడు నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 68 సెంటీస్టోకులు (చిక్కదనపు కొలమానం) ఉంటే, 10 డిగ్రీల దగ్గర దానికి ఐదు రెట్లు మించిపోతుంది. మధ్యాహ్నం ఎండలో నిమిషానికి ఎనిమిది చుక్కలకు సరిచేసిన కప్పు మర్నాడు ఉదయం ఆరు గంటలకు ఒకటి రెండు చుక్కలతో సరిపెడుతుంది, అదీ యంత్రం కొత్తగా తిరగడం మొదలై బేరింగ్‌కు నూనె అత్యవసరమైన వేళ. అందువల్ల చలికాలంలో చుక్కలను ఉదయం షిఫ్టు మొదట్లో ఒకసారి, ఎండ ఎక్కాక మరోసారి సరిచేయాలి. వీలున్నచోట చలి నెలలకు ఒక గ్రేడు పలుచని నూనెకు మారవచ్చు, కాకపోతే మధ్యాహ్నపు వేడికి ఆ పలుచదనం సరిపోతుందో లేదో యంత్రం పుస్తకంలో చూసుకున్న తర్వాతే.

పెద్ద మోటార్లలో, పాత పంపుల్లో, బ్లోయర్లలో రింగు బేరింగులు కనిపిస్తాయి. షాఫ్ట్ కన్నా పెద్ద వ్యాసం గల ఇత్తడి రింగు షాఫ్ట్ మీద వదులుగా వేలాడుతుంది, అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే రింగు దానితోపాటు, దానికన్నా నిదానంగా తిరుగుతూ నూనెను పైకి తెస్తుంది. మూత తీసి టార్చి వేసి చూస్తే, బాగున్న రింగు లోపలి అంచున నూనె సన్నటి జరీ గీతలా మెరుస్తూ పైకి వచ్చి, షాఫ్ట్ తగిలిన చోట రెండు పక్కలకూ చీలి పారుతుంది. రింగు నిలిచిపోయినా, ఒక పక్కకు ఒరిగి గోడను రాసుకుంటున్నా, ఆగి ఆగి దూకుతున్నా కారణం వెతకాలి. నూనె మరీ చిక్కగా ఉండడం, మట్టం ఎక్కువై రింగు ఈదలేకపోవడం, రింగు వంగిపోవడం, లేదా యంత్రం పునాది ఒక పక్కకు కుంగి షాఫ్ట్ సమంగా లేకపోవడం ఇందుకు కారణాలవుతాయి. నల్లరేగడి నేల మీద కట్టిన షెడ్లలో వానలకు పునాది కదలడం అరుదు కాదు కాబట్టి, రింగును తప్పుపట్టే ముందు షాఫ్ట్ మీద రసమట్టం పెట్టి చూడటం మంచిది.

నీటి పంపుల బేరింగ్ పక్కన తలకిందులుగా నిలబెట్టిన సీసా లోపలి నూనె మట్టాన్ని ఒకే చోట నిలబెడుతుంది. మట్టం తగ్గి సీసా మూతి గాలికి తెరుచుకోగానే కొద్దిగా గాలి లోపలికి పోయి, అంతే నూనె కిందికి దిగుతుంది. బంతుల బేరింగ్‌కు అన్నిటికన్నా కింద ఉన్న బంతి సగం దాకా మునిగితే చాలు. సీసాలో నూనె వారాల తరబడి తగ్గకపోతే సంతోషించకూడదు: బేరింగ్ పెట్టె మీద ఉన్న గాలి రంధ్రం తవుడు దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు, అప్పుడు సీసాలోని మట్టానికీ లోపలి మట్టానికీ పొంతన ఉండదు. ఆ రంధ్రాన్ని తుడిచి, పెట్టె అడుగున ఉన్న బిరడా కాస్త వదులు చేసి, నీరు గాని బురద గాని వస్తుందేమో చూసి బిగించాలి.

ధాన్యం పొట్టు తీసే హల్లర్లను నడిపే నిదానపు వేగపు డీజిలు ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటె వంటి ముక్క ఉంటుంది. అది ప్రతి చుట్టులోనూ నూనెను కొట్టి లోపలంతా చిమ్ముతుంది. ఇక్కడ చూడవలసినది మట్టమే: కొలపుల్ల కింది గీతకు దిగితే గరిటెకు నూనె అందదు, పై గీత దాటితే ఇంజను నూనెను నురగ చేసి కాల్చేస్తుంది. ఇంజనును వాలుగా ఉన్న బండి మీద పెట్టి నడపకూడదనేది కూడా ఇందుకే.

ఇక గ్రీజు. ఎలివేటర్ బూట్లలో (అడుగు పెట్టెల్లో), పాలిషర్లలో, మోటార్లలో ఇప్పుడు దాదాపు అంతటా నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి), గ్రీజు గన్నే కనిపిస్తాయి కాబట్టి దీని మీద కొంత సేపు నిలవాలి. గ్రీజు తక్కువై పోయిన బేరింగులు ఎన్ని ఉంటాయో, ఎక్కువై పోయినవీ అన్ని ఉంటాయి. చేతి గన్ను వందల బార్ల ఒత్తిడిని పుట్టించగలదు, రబ్బరు సీలు అందులో చిన్న భాగానికే చిరిగిపోతుంది. లోపల కిక్కిరిసిన గ్రీజు బంతుల మధ్య చిలకబడి వేడెక్కుతుంది, నూనె విడిపోయి కారుతుంది, గ్రీజులో నూనెను పట్టి ఉంచే సబ్బు పిప్పిగా మిగిలి గట్టిపడుతుంది.

ఎంత గ్రీజు ఎక్కించాలో లెక్క సులువు. బేరింగ్ బయటి వ్యాసాన్నీ వెడల్పునూ మిల్లీమీటర్లలో గుణించి 0.005తో హెచ్చిస్తే గ్రాములు వస్తాయి. 6206 నంబరు బేరింగ్‌కు 62ను 16తో గుణించి లెక్కవేస్తే సుమారు 5 గ్రాములు, 6310కి 110ను 27తో గుణిస్తే సుమారు 15 గ్రాములు. మీ గన్ను ఒక్క నొక్కుకు ఎంత వదులుతుందో తెలుసుకోవడానికి పది నొక్కులు కాగితం మీదకు వదిలి, గ్రాముల తక్కెడలో తూచి, పదితో భాగించండి. ప్రతి గన్నుకూ ఈ అంకె వేరుగా ఉంటుంది కాబట్టి దాన్ని గన్ను మీదే రంగుతో రాసిపెట్టాలి.

ఎక్కించే ముందు నిపుల్‌ను శుభ్రమైన గుడ్డతో తుడవాలి, గన్ను మూతి నుంచి కొంచెం గ్రీజు బయటికి వదిలి దాన్నీ తుడిచేయాలి. నిపుల్ మీద ఉన్న ఊక దుమ్మును అలాగే లోపలికి నెడితే మేలుకన్నా కీడే ఎక్కువ, దీని కారణం కింద చెబుతాను. మోటారుకు అడుగున బిరడా ఉంటే తీసిపెట్టాలి. ఒక్కొక్క నొక్కుకూ మధ్య కొన్ని క్షణాలు ఆగుతూ నిదానంగా ఎక్కించాలి. సీలు అంచున మొదట నల్లటి, గట్టి, కాలిన వాసన వేసే పాత గ్రీజు వలయంలా పుడుతుంది. దాని వెనుక రంగు తేలికపడి, కొత్త గ్రీజు రంగు గోటి అంచంత కనబడగానే ఆపేయాలి. అడుగు బిరడాను వెంటనే బిగించకుండా అరగంట నడవనిచ్చి, అదనపు గ్రీజు బయటికి వచ్చాక బిగించాలి. గ్రీజు ఎక్కిన వెంటనే వేడి కొంత పెరిగి, తర్వాత దిగిరావడం సహజం. చాలాసేపైనా దిగకపోతే ఎక్కువైందని అర్థం. నొక్కు బిగుసుకుపోయి గన్ను కదలకపోతే బలం ప్రయోగించకూడదు, నిపుల్ గాని దాని వెనుక గొట్టం గాని గట్టిపడిన గ్రీజుతో మూసుకుపోయి ఉంటుంది. నిపుల్ చుట్టూ గ్రీజు పొంగి వస్తుంటే లోపలికి ఏమీ పోవడం లేదన్నమాట, ఆ నొక్కులను లెక్కలో వేయకూడదు.

ఎన్నాళ్లకోసారి అన్నది వేగాన్నీ వేడినీ దుమ్మునూ బట్టి ఉంటుంది. బేరింగ్ వేడి 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ గ్రీజు గడువును సగం చేసుకోవాలన్నది బేరింగ్ తయారీదారులు చెప్పే లెక్క. కంపెనీ మార్చేటప్పుడు గ్రీజు రకాన్ని కూడా చూడాలి. బజారులో తరచూ దొరికేది లిథియం సబ్బుతో చేసిన రెండో నంబరు గ్రీజు, కొన్ని మోటార్లలో మాత్రం పాలీయూరియా రకం నింపి వస్తాయి. ఈ రెండూ కలిస్తే తరచుగా మెత్తబడి కారిపోతాయి గనుక, మార్చవలసి వస్తే పాతదంతా కడిగి నింపాలి.

ఊక దుమ్ము సంగతి ఇప్పుడు చెప్పాలి. వరి ఊకను కాల్చిన బూడిదలో అధిక భాగం సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. బేరింగ్ మూత చుట్టూ కారిన నూనె మీద ఆ దుమ్ము పేరుకుని తయారైన ముద్దను వేళ్ల మధ్య నలిపి చూస్తే గరగరలాడుతుంది. అది సీలు పెదవి కిందికి చేరిందంటే షాఫ్ట్ మీద గాడి పడుతుంది, ఆ గాడిలోంచి మరింత దుమ్ము లోపలికి పోతుంది. అందువల్ల బియ్యం మిల్లులో నూనె కారకుండా ఉండడం శుభ్రతకు మించిన అవసరం. షెల్లర్ రబ్బరు రోళ్ల మీద, బెల్టుల మీద నూనె పడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది, బెల్టు జారుతుంది. ఎలివేటర్ బూటు దగ్గర చుక్కల కప్పు కన్నా సీలు ఉన్న గ్రీజు బేరింగే నయమని నా అభిప్రాయం. బియ్యం పారే దారికి పైన ఉన్న బేరింగులకు ఆహారానికి పొరపాటున తగిలినా ఫరవాలేదని గుర్తింపు పొందిన హెచ్1 తరగతి గ్రీజును వాడాలి, దానికి పెట్టే అదనపు ఖర్చు విషయంలో వెనకాడకూడదు.

గొలుసులకు నూనె ఇచ్చే బ్రష్షునో చుక్కల గొట్టాన్నో రోలరు నడినెత్తికి గురిపెట్టడం చాలాచోట్ల చూస్తాం. అరుగుదల జరిగేది లోపలి పిన్ను దగ్గర, అక్కడికి దారి పక్క పట్టీల మధ్య సందులోంచి ఉంది. కాబట్టి గొలుసు వదులుగా తిరిగివచ్చే వైపున, లోపలి ముఖం మీద, పట్టీల అంచులకు చుక్క పడేటట్లు అమర్చాలి.

మెట్లెక్కి చేరవలసిన బేరింగుల కోసం ఇప్పుడు 125 మిల్లీలీటర్ల ఆటోమేటిక్ గ్రీజు డబ్బాలు వస్తున్నాయి. లోపల స్ప్రింగో, రసాయన చర్యతో పుట్టే వాయువో, చిన్న మోటారో గ్రీజును నెలల తరబడి నెమ్మదిగా నెడుతుంది. వాయువుతో నడిచేవి చలికి మందగిస్తాయి. బిగించిన తేదీని డబ్బా మీద రాయాలి, బిగించే ముందు గొట్టాన్నీ బేరింగ్‌నూ చేతి గన్నుతో నింపాలి. ఖాళీ గొట్టానికి డబ్బా తగిలిస్తే గ్రీజు బేరింగ్‌కు చేరడానికే వారాలు పడుతుంది.

రాయగడ దగ్గర జేకేపురం వంటి కాగితం మిల్లులలో, అలాగే సిమెంటు కర్మాగారాలలో, ఒకే పంపు నుంచి పదుల కొద్దీ బేరింగులకు కందెన పోతుంది. వీటిలో ప్రోగ్రెసివ్ పద్ధతిలో పంపిణీ దిమ్మెలోని పిస్టన్లు ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి, ముందుది కదిలితేనే తర్వాతది కదలగలదు. ఒక్క గొట్టం మూసుకుపోయినా అన్నీ ఆగి, పంపు దగ్గర ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వు నుంచి గ్రీజు చిమ్ముతుంది. వాల్వు దగ్గర గ్రీజు కనిపించగానే వాల్వును బిగించడం తప్పు. దిమ్మె నుంచి గొట్టాలను ఒక్కొక్కటిగా వదులు చేస్తూ, ఏది వదులు చేసినప్పుడు పిస్టన్ల కదలికను చూపే సూచిక పుల్ల మళ్లీ కదలడం మొదలుపెట్టిందో ఆ గొట్టాన్ని శుభ్రం చేయాలి. ఈ పద్ధతిలోని మేలు ఏమిటంటే, లోపం తనంతట తాను బయటపడుతుంది. సన్నని రంధ్రాల ద్వారా నూనెను పంచే సాదా పద్ధతిలో ఒక గొట్టం మూసుకుపోయినా మిగతావి మామూలుగా నడుస్తాయి, ఆ ఒక్క బేరింగ్ ఎండుతున్నట్లు ఎవరికీ తెలియదు. అలాంటి చోట్ల నెలకోసారి ప్రతి గొట్టాన్నీ బేరింగ్ దగ్గర విప్పి, పంపు నడిపి, చివరన నూనె బొట్టు కట్టడం కళ్లతో చూడాలి. పైగా ఎండలో వానలో సన్నని గొట్టాల్లో పోవలసిన గ్రీజు మెత్తగా ఉండాలి. రెండో నంబరు కన్నా పలుచనైన ఒకటి, సున్నా నంబర్ల గ్రీజులను వీటికి వాడటం అందుకే.

ఇవన్నీ చేసేటప్పుడు యంత్రం ఆగి ఉండాలి, స్విచ్చుకు తాళం వేసి ఉండాలి. నడుస్తుండగానే చుక్కలు సరిచేయడం, గ్రీజు ఎక్కించడం తప్పనిసరైన చోట్ల కప్పునూ నిపుల్‌నూ గొట్టంతో బెల్టు గార్డు బయటికి తెచ్చి అమర్చుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే, నడుస్తున్న యంత్రానికి నూనె వేసే పనిని తర్ఫీదు పొంది, ఒంటికి బిగుతైన దుస్తులు వేసుకున్న వయోజన పురుషుడే చేయాలని రాశారు. భుజాన తువ్వాలు, చేతిలో వేలాడే గుడ్డ పీలిక, వదులు లుంగీ తిరిగే షాఫ్ట్ దగ్గరికి రాకూడదు.

నూనె పీపాలను ఆరుబయట నిలబెట్టి ఉంచితే నెత్తిన నిలిచిన వాననీటిని, పగలు వేడికి ఉబ్బి రాత్రి చలికి ముడుచుకునే పీపా బిరడా సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. వంశధార, నాగావళి తీరాల్లో తొలకరి నుంచి ఆశ్వయుజం దాకా ఈ జాగ్రత్త తప్పనిసరి. చోటు లేక బయట పెట్టవలసివస్తే పీపాను పడుకోబెట్టి, రెండు బిరడాలూ అడ్డంగా ఒకే మట్టంలో, నూనెలో మునిగి ఉండేటట్లు తిప్పి, కింద దుంగలు వేసి ఉంచాలి. డబ్బాలోకి వంచుకునేటప్పుడు సన్నని జల్లెడ పెట్టాలి, ఒక నూనెకు వాడిన గరాటును ఇంకో నూనెకు వాడకూడదు.